గ్రాహకం లేని చిట్టెలుక

1973లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ ప్యాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేళ్లకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. అందులో విషమూ లేదు, రోగక్రిమీ లేదు. దక్షిణ అమెరికా నదుల్లో తిరిగే విద్యుత్ ఈల్ చేప నుంచి తీసి శుద్ధి చేసిన ఒక ప్రొటీన్ ఉంది, అంతే. ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలు వాళ్లకు కావాలి. పరాయి ప్రొటీన్ ఒంట్లోకి వస్తే కుందేలు వాటిని తనంతట తానే తయారుచేస్తుంది. కొన్ని వారాలు ఆగి, చెవి నరం నుంచి కాస్త నెత్తురు తీసి, సీరం వేరుచేసుకుంటే పనిముట్టు చేతికొచ్చినట్టే. అప్పటికే వందలాది ప్రయోగశాలల్లో జరుగుతున్న మామూలు పని అది.

ఈసారి మాత్రం మామూలుగా జరగలేదు. రెండో మోతాదు పడ్డ కొద్ది రోజులకు కుందేళ్లు మెడలు వాల్చేశాయి. కాళ్లు పట్టు తప్పాయి. ఊపిరి తీయడమే కష్టమైంది. నాడి నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడగొట్టే ఎంజైమ్‌ను కాసేపు ఆపే మందు ఇచ్చి చూస్తే, పడిపోయిన కుందేలు లేచి కూర్చుంది. ఈ తీరు నాడీ వైద్యులకు బాగా తెలిసినదే. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మెట్లెక్కలేకపోవడం, సరిగ్గా ఇలాంటి మందుకే కొంతసేపు తేరుకోవడం: మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బు లక్షణాలివి. మనుషుల్లో దానికి కారణమేమిటో అప్పటికి ఎవరూ తేల్చి చెప్పలేదు. యాంటీబాడీల కోసం పెంచిన కుందేళ్లు దానికి జవాబు చూపించాయి. చేప ప్రొటీన్ మీద తయారైన యాంటీబాడీలు కుందేలు సొంత కండరాల మీదున్న అదే జాతి ప్రొటీన్‌ను కూడా పట్టుకున్నాయి. మనుషుల జబ్బులోనూ జరుగుతున్నది ఇదే.

ఆ ప్రొటీన్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకం. నాడి చివరి నుంచి ఎసిటైల్‌కోలిన్ విడుదలై, కండరం పొర మీద ఎదురుగా ఉన్న ఈ గ్రాహకానికి తగిలితేనే మనం వేలు కదపగలం. ఐదు ముక్కలు గుండ్రంగా కూడిన ప్రొటీన్ ఇది. నడిమధ్య సన్నని దారి ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ తగలగానే ఆ దారి తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, కండరం ముడుచుకుంటుంది. కణం మీద ఇలాంటి ‘అందుకునే పదార్థం’ ఏదో ఉండి తీరాలని 1905లోనే కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ ఊహించాడు. నాడులు రసాయనాలతో కబురు పంపుతాయని 1921లో ఆటో లోవి కప్ప గుండెల మీద చూపించాడు. 1936లో ఆయనకూ హెన్రీ డేల్‌కూ కలిపి నోబెల్ వచ్చింది.

ఎసిటైల్‌కోలిన్ పేరు తెలియకపోయినా, అది మితిమీరితే ఏమవుతుందో మన పల్లెలకు బాగానే తెలుసు. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు కొట్టిన మనిషికి నోటి వెంట చొంగ కారుతుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి. ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను ఆ మందు మూసేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఆస్పత్రిలో ఎక్కించే అట్రోపిన్ ఈ గ్రాహకాల్లో ఒక తెగను, అంటే మస్కరినిక్ తెగను అడ్డుకుంటుంది. అందులో ఐదు రకాలున్నాయి. రెండో తెగకు నికోటినిక్ అని పేరు. కండరాన్ని కదిలించేది, పొగాకులోని నికోటిన్ మెదడులో తగిలేది దానికే. మనిషి జన్యువుల్లో నికోటినిక్ ముక్కలు 16 రకాలు. ఏ ఐదు ముక్కలు కూడాయన్న దాన్నిబట్టి గ్రాహకం గుణం మారుతుంది.

ఈ గ్రాహకాన్ని మొదట విడదీయడానికి చేప దగ్గరికే ఎందుకు పోయారంటే, విద్యుత్ ఈల్ చేపలో కరెంటు పుట్టించే అవయవం నిజానికి రూపు మారిన కండరం. మన కండరంలో నాడి తాకే చిన్న చుక్కంత చోట మాత్రమే కిక్కిరిసి ఉండే గ్రాహకాలు, ఆ చేపలో ఒక అవయవం నిండా ఉంటాయి. ఇక వాటిని పట్టుకునే కొక్కెం పాము నుంచి వచ్చింది. రాత్రిపూట మన పొలాల్లో, పాకల్లో తిరిగే కట్లపాముకు దగ్గరి చుట్టం ఒకటి తైవాన్‌లో ఉంది. దాని విషం నుంచి 1963లో అక్కడి శాస్త్రవేత్తలు చాంగ్, లీ ఆల్ఫా-బంగరోటాక్సిన్ అనే చిన్న ప్రొటీన్‌ను వేరుచేశారు. 74 అమినో ఆమ్లాల ఆ విషం నికోటినిక్ గ్రాహకాన్ని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. 1970లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్-పియర్ షాంజూ బృందం లీతో కలిసి ఆ విషం సాయంతోనే ఈల్ చేప గ్రాహకాన్ని గుర్తించింది. కట్లపాము కాటు పడ్డవారికి రెప్పలు వాలిపోవడం, ఊపిరి ఆగిపోవడం చూసిన వైద్యులకు మయస్థీనియా రోగి ముఖం ఎందుకు గుర్తొస్తుందో ఇక్కడ తెలిసిపోతుంది. విషమూ, రోగి సొంత యాంటీబాడీలూ దెబ్బకొట్టేది నాడీ కండరం కలిసే ఆ ఒక్క చోటునే.

కుందేళ్ల కథ 1976లో రోగుల దగ్గరికి చేరింది. లిండ్‌స్ట్రామ్ బృందం రేడియో అయోడిన్ తగిలించిన బంగరోటాక్సిన్‌ను గ్రాహకానికి అంటించి, రోగి సీరం కలిపి, యాంటీబాడీ పట్టుకొచ్చినదాన్ని కొలిచే పరీక్ష పెట్టింది. ఇంచుమించు 85 శాతం మయస్థీనియా రోగుల నెత్తురులో ఆ యాంటీబాడీలు కనిపించాయి. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో రెప్పలు వాలుతున్నాయని వెళితే న్యూరాలజిస్టు రాసిచ్చే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్షకు మూలం ఇదే.

ఆ కుందేళ్లలో పుట్టిన యాంటీబాడీలకు ఒక గుణం ఉంది. అవి మడత చెదరని, నిండు గ్రాహకాన్ని చూసి తయారయ్యాయి. అందుకే బతికున్న కండరం మీద, సహజమైన ఆకారంలో ఉన్న గ్రాహకాన్ని పట్టుకున్నాయి. అంత సరిగ్గా పట్టుకోబట్టే కుందేళ్లు పడిపోయాయి. తర్వాత లిండ్‌స్ట్రామ్ ప్రయోగశాలలోనే ఎలుకల నుంచి తయారైన ఎంఏబీ 35 అనే యాంటీబాడీ కూడా ఈల్ చేప గ్రాహకాన్ని చూసి పుట్టిందే. దాన్ని పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు.

ఇప్పుడు కేటలాగు తెరిచి మెదడులోని గ్రాహకాలకు యాంటీబాడీ వెతికితే కనిపించే సరుకులో చాలాభాగం ఇలా పుట్టలేదు. మెదడులో నికోటినిక్ గ్రాహకాలు ఈల్ చేపలో లాగా కుప్పలు తెప్పలుగా దొరకవు. పైగా అవి కొవ్వు పొరలో ఇరుక్కుని ఉండే ప్రొటీన్లు. పొర నుంచి ఊడదీస్తే ఆకారం చెదురుతుంది. అందుకని కంపెనీలు దగ్గరి దారి పట్టాయి. గ్రాహకంలోని ఒక్కో ముక్కలో ఐదువందల దాకా అమినో ఆమ్లాలుంటే, అందులో పదిహేనో ఇరవయ్యో ఉన్న చిన్న తునకను ఎంచుకుని యంత్రంలో తయారుచేస్తారు. ఆ తునక మరీ చిన్నది, కుందేలు రోగనిరోధక వ్యవస్థ దాన్ని లెక్కచేయదు. అందుకని కీహోల్ లింపెట్ అనే సముద్రపు నత్త నెత్తురులోని పెద్ద ప్రొటీన్‌కు దాన్ని అంటించి ఎక్కిస్తారు. కుందేలు ఆ తునక మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటిని శుద్ధి చేసి, వంద మైక్రోలీటర్ల చిన్న గొట్టంలో పోసి, ఫలానా గ్రాహకానికి యాంటీబాడీ అని పేరు రాసి, కొన్ని వందల డాలర్లకు అమ్ముతారు.

ఆ కుందేలు గ్రాహకాన్ని ఎన్నడూ చూడలేదు. దాని తోక ముక్కనో, లోపలి మెలికలో ఒక తునకనో చూసింది. మనిషి ఇంటిపేరు ఒక్కటే చెప్పి, ఊళ్లోకి వెళ్లి పట్టుకురమ్మని పంపడం లాంటిదిది. ఆ ఇంటిపేరు ఒక్క గడపకే ఉంటే సరైన మనిషే దొరుకుతాడు. వీధికి నాలుగిళ్లుంటే ఎవరో ఒకరిని పట్టుకొస్తాడు, పని అయిందనీ అంటాడు. మెదడు కణంలో వేల రకాల ప్రొటీన్లున్నాయి. ఆ పదిహేను అమినో ఆమ్లాల్లో ఐదారింటిని పోలిన చోటు వేరే ప్రొటీన్‌లో ఉండటం అరుదేమీ కాదు. గ్రాహకం కొన్ని వందల కాపీలే ఉండి, ఆ పోలిక ఉన్న ప్రొటీన్ లక్షల్లో ఉంటే యాంటీబాడీ ఎటు పోతుందో వేరే చెప్పాలా?

ఈ గొట్టంతో ప్రయోగశాలలో జరిగే పని కొంచెం దగ్గరగా చూస్తే, పొరపాటు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. చిట్టెలుక మెదడును మెత్తగా నూరి, డిటర్జెంటులో వేడిచేస్తారు. ప్రొటీన్ల మడతలన్నీ విడిపోయి పోగుల్లా సాగుతాయి. జెల్ మీద కరెంటు పెడితే చిన్నవి ముందుకూ పెద్దవి వెనకకూ పోయి, సైజువారీగా వరుస కడతాయి. ఆ వరుసను కాగితం లాంటి తెల్లటి పొర మీదికి ఎక్కిస్తారు. దీన్నే బ్లాట్ అంటారు. యాంటీబాడీ ఎక్కడబడితే అక్కడ అంటుకోకుండా ముందుగా ఆ పొరను వెన్నతీసిన పాలపొడి కలిపిన నీళ్లలో గంటసేపు ఊపుతారు. నమ్మడం కష్టం గానీ, కోట్ల రూపాయల ప్రయోగశాలల్లోనూ బీరువాలో పాలపొడి డబ్బా ఉంటుంది. ఆ పైన యాంటీబాడీని వెయ్యి వంతుల నీళ్లకు ఒక వంతు కలిపి, నాలుగు డిగ్రీల చల్లటి గదిలో రాత్రంతా ఉంచుతారు. మర్నాడు కడిగి, కుందేలు యాంటీబాడీని పట్టుకునే మేక యాంటీబాడీని పోస్తారు. దీన్ని లాబ్‌లో సెకండరీ అంటారు. దానికి గుర్రపు ముల్లంగి అనే దుంప నుంచి తీసిన ఎంజైమ్ అంటించి ఉంటుంది. చివరగా ఒక ద్రవం చల్లితే, ఎంజైమ్ ఉన్నచోట వెలుగు పుడుతుంది. కెమెరాలో నల్లటి గీత పడుతుంది. ఆ గీతే బ్యాండ్. సైజు ముందే తెలిసిన ప్రొటీన్ల వరుసను, అంటే మార్కర్‌ను, పక్కన పెట్టి దాని సైజు చదువుతారు.

మెదడులోని నికోటినిక్ గ్రాహకాల్లో బాగా పేరున్నది ఆల్ఫా7. దాని ఒక్కో ముక్క 502 అమినో ఆమ్లాల పొడవు, 56 కిలోడాల్టన్ల బరువు ఉంటుంది. ఒకే రకం ముక్కలు ఐదు కూడి గ్రాహకమవుతుంది. స్కిజోఫ్రీనియాతో దానికి లంకె ఉండవచ్చని 1997లో కొలరాడో పరిశోధకులు సూచించాక మందుల కంపెనీలన్నీ దాని వెంట పడ్డాయి. 2003లో కెవిన్ ట్రేసీ బృందం ఒంట్లో వాపును అదుపు చేయడంలోనూ దీనికి పాత్ర ఉందని చెప్పింది. ఆసక్తి పెరిగేకొద్దీ యాంటీబాడీకి గిరాకీ పెరిగింది. మెదడు బ్లాట్‌లో 55 దగ్గర చక్కటి బ్యాండ్ వస్తే, ఇదిగో ఆల్ఫా7 అని రాసేశారు.

ఇక్కడే ఉంది తిరకాసు. మెదడులో విపరీతంగా ఉండే ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ కూడా 50, 55 మధ్యే కూర్చుంటుంది. చిట్టెలుక కణజాలం మీద చిట్టెలుక యాంటీబాడీ వాడితే, కణజాలంలో ముందే ఉన్న యాంటీబాడీల బరువైన గొలుసు కూడా 50 దగ్గరే తేలుతుంది. సరైన సైజులో బ్యాండ్ పడిందన్న మాటకు ఆల్ఫా7 విషయంలో ఉన్న విలువ చాలా తక్కువ.

దీన్ని తేల్చడానికి ఒకే ఒక నిఖార్సయిన దారి ఉంది. గ్రాహకం బొత్తిగా లేని మెదడు మీద అదే యాంటీబాడీని వేసి చూడాలి. 1997లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఆల్ఫా7 జన్యువును తీసేసిన చిట్టెలుకలను పుట్టించారు. అవి మామూలుగానే తిరిగాయి, తిన్నాయి, పిల్లల్ని కన్నాయి. పరిశోధకులకు కాస్త నిరాశ కలిగేంత మామూలుగా ఉన్నాయి. అయితే వాటి మెదడులో రేడియో అయోడిన్ అంటించిన బంగరోటాక్సిన్ వేస్తే, హిప్పోకాంపస్ అనే భాగంలో మామూలుగా కనిపించే గుర్తులు మాయమయ్యాయి. అంటే మెదడులో పాము విషం పట్టుకుంటున్నది ఆల్ఫా7నే. విషం పరీక్షలో నెగ్గింది.

యాంటీబాడీలు నెగ్గలేదు. 2004లో ఒక అమెరికన్ బృందం ఆల్ఫా7 యాంటీబాడీలను ఈ చిట్టెలుకల మీద వేస్తే, గ్రాహకం ఉన్న మెదడులోనూ లేని మెదడులోనూ కోతల మీద ఒకేలాంటి మరకలు, బ్లాట్‌లో ఒకేలాంటి బ్యాండ్లు వచ్చాయి. 2007లో ఇంకో బృందం మరింత విస్తారంగా చూసింది. ఆల్ఫా3, ఆల్ఫా4, ఆల్ఫా7, బీటా2, బీటా4 అనే ఐదు ముక్కలకూ, ఆయా జన్యువులు తీసేసిన చిట్టెలుకలను తెచ్చి, వాటి మీద యాంటీబాడీలను పరీక్షించింది. పరీక్షించిన ప్రతి యాంటీబాడీ విషయంలోనూ రెండు మెదళ్ల మధ్య తేడా లేదు. మామూలుగా అందరూ వాడే పద్ధతుల్లో ఇవి గ్రాహకం ఎక్కడుందో చూపడానికి పనికిరావని వాళ్లు రాశారు.

అప్పటివరకూ ఇదే గొట్టాలతో వచ్చిన పరిశోధన పత్రాల్లో రచయితలు జాగ్రత్త పడలేదని అనలేం. చాలామంది పడ్డారు, కాకపోతే ఆ జాగ్రత్తే తప్పుదారి పట్టించింది. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న పరీక్ష ఏమిటంటే, యాంటీబాడీలో ముందుగా ఆ పదిహేను అమినో ఆమ్లాల తునకను బాగా కలిపి, తర్వాత కణజాలం మీద వేయడం. మరక పోతే యాంటీబాడీ నిక్కమైనదేనని అనుకునేవారు. నిజానికి యాంటీబాడీ చేతులు ఆ తునకతోనే నిండిపోతే, అది అసలు గ్రాహకాన్నీ పట్టుకోలేదు, పొరపాటున పట్టుకునే మరో ప్రొటీన్‌నూ పట్టుకోలేదు. మరక ఎలాగూ పోతుంది. యాంటీబాడీ తునకను గుర్తుపడుతుందని తేలిందే గానీ కణజాలంలో దేన్ని పట్టుకుందో తేలలేదు. ఇంత సులువైన తర్కదోషం ఇన్నేళ్లు ప్రమాణంగా చలామణీ కావడం నాకు ఇప్పటికీ వింతే. సమీక్షకులు అడిగేది అదే, రచయితలు చేసేదీ అదే కాబట్టి బండి నడిచిపోయింది.

ఇంకో కారణం ఉంది. తప్పుడు మరక తప్పుగా కనిపించదు. హిప్పోకాంపస్‌లో పెద్ద న్యూరాన్లు వరుసగా, దట్టంగా ఉంటాయి. ప్రొటీన్ ఎక్కువున్న కణాలు ఏ యాంటీబాడీనైనా కాస్తో కూస్తో పట్టుకుంటాయి. ఆల్ఫా7 హిప్పోకాంపస్‌లో ఉంటుందని ముందే తెలుసు. గోధుమరంగు మరక అక్కడే వస్తే అనుమానం ఎందుకొస్తుంది? ఊహించని చోట వచ్చినప్పుడు మాత్రం కొత్త విషయం కనుక్కున్నామని రాసుకునే వీలు కూడా ఉంది. ఆల్ఫా7 లేదనుకున్న కణాల్లో ఉందని చెప్పిన పత్రాల్లో ఎన్ని ఈ దారిలో పుట్టాయో ఇప్పుడు లెక్కతేల్చడం కష్టం.

ఆ చిట్టెలుకల పాఠం నికోటినిక్ గ్రాహకాలతో ఆగలేదు. 1873 నుంచి వెలువడుతున్న నౌనిన్-ష్మీడెబర్గ్స్ అనే జర్మన్ ఔషధశాస్త్ర పత్రిక 2009లో దీని మీద వరుసగా పత్రాలు వేసింది. అట్రోపిన్ అడ్డుకునే మస్కరినిక్ గ్రాహకాల యాంటీబాడీలను ఆ జన్యువులు తీసేసిన చిట్టెలుకల మీద పరీక్షిస్తే అక్కడా ఎక్కువభాగం చతికిలపడ్డాయి. అడ్రినలిన్, డోపమైన్ గ్రాహకాల కథలూ ఇలాంటివే వచ్చాయి. 2015లో బ్రాడ్‌బరీ, ప్లుక్తున్ అనే ఇద్దరు మరో వందమందికి పైగా శాస్త్రవేత్తల సంతకాలతో నేచర్ పత్రికలో గట్టిగా రాశారు. పనికిరాని యాంటీబాడీల మీద ఒక్క అమెరికాలోనే ఏటా 35 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని వాళ్ల అంచనా.

వాళ్లు అడిగింది కుందేలును పక్కన పెట్టమని. కుందేలు సీరంలో ఒకే తునకను వేర్వేరు కోణాల్లో పట్టుకునే రకరకాల యాంటీబాడీల కలగూర ఉంటుంది. ఆ కుందేలు చచ్చిపోతే మళ్లీ అలాంటి సీరం రాదు. పాత గొట్టంతో బాగా పనిచేసిన ప్రయోగం కొత్త గొట్టంతో చెడితే ఎవర్ని అడగాలి? 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ దీనికి ఒక విరుగుడు కనిపెట్టారు. యాంటీబాడీ తయారుచేసే ఒక్క కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే యాంటీబాడీని ఎన్నాళ్లయినా తీసే పద్ధతి అది. 1984లో నోబెల్ తెచ్చింది. కానీ ఆ కణాలూ కాలక్రమంలో మారతాయి, ఒక్కోసారి రెండో యాంటీబాడీని కూడా తీస్తాయి, ఫ్రీజర్ చెడితే పోతాయి. యాంటీబాడీ జన్యువు వరసను చదివి రాసిపెట్టుకుంటే ఇక కుందేలూ అక్కర్లేదు, క్యాన్సర్ కణమూ అక్కర్లేదు. ఏ దేశంలోనైనా ఆ వరసను కణంలో పెట్టి అదే యాంటీబాడీని పిండుకోవచ్చు. వీటిని రికాంబినెంట్ యాంటీబాడీలంటారు.

జంతువుల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మేక యాంటీబాడీలు, కుందేలు యాంటీబాడీలు అని మనం సులువుగా అంటాం గానీ, వాటి వెనక వేలాది మేకలు, కుందేళ్లు దొడ్లలో ఉంటాయి. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద యాంటీబాడీ కంపెనీ జంతు సంరక్షణ నిబంధనలు ఉల్లంఘించిందన్న ఆరోపణల మీద 2016లో అమెరికా వ్యవసాయ శాఖతో రాజీపడి 35 లక్షల డాలర్లు కట్టింది, లైసెన్సు వదులుకుంది. యాంటీబాడీల కోసం జంతువులను వాడటం మానాలని యూరప్ సమాఖ్య ప్రయోగశాల 2020లో సిఫారసు చేసింది. కంపెనీలు ఆ మాటకు ఒక్కసారిగా ఏమీ మారిపోలేదు.

మార్పు తెచ్చింది వేరే ప్రయత్నం. కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వైకారోస్ అనే బృందం యాంటీబాడీ కంపెనీలనే కలుపుకుంది. కంపెనీలు యాంటీబాడీలు ఉచితంగా ఇచ్చాయి. ఆ ప్రొటీన్ ఉన్న కణాలు ఒక పక్క, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఆ జన్యువు తీసేసిన అవే కణాలు ఇంకో పక్క పెట్టి పరీక్షించారు. 2023లో వెల్లడైన ఫలితాల్లో నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రొటీన్లకు చెందిన 614 యాంటీబాడీలున్నాయి. సగానికి పైగా ఏదో ఒక వాడకంలో విఫలమయ్యాయి. ఊరట ఏమిటంటే, వాడకాన్నిబట్టి సగం నుంచి ముప్పావు వంతు ప్రొటీన్లకు కనీసం ఒక మంచి యాంటీబాడీ దొరికింది. అంటే చాలా సందర్భాల్లో మంచి గొట్టం అదే కేటలాగులో, చెడ్డ గొట్టం పక్కనే ఉంది. దాన్ని ఏరుకునే ఆధారమే లేదు. రికాంబినెంట్ రకాలు మిగతావాటికన్నా మేలుగా నిలిచాయి. ఫలితాలు చూసి కంపెనీలు కొన్నిటిని అమ్మకం నుంచి తీసేశాయి, ఇంకా ఎక్కువ వాటికి సిఫారసులు మార్చుకున్నాయి. అరుపులతో, సంపాదకీయాలతో జరగని పని పట్టిక చూపిస్తే జరిగింది.

ఇక్కడ ఇంకో మెలిక గుర్తుపెట్టుకోవాలి. యాంటీబాడీ మంచిదా చెడ్డదా అని ఊరికే అడగలేం. బ్లాట్‌లో ప్రొటీన్ పోగులా సాగి ఉంటుంది, దాచిన తునక బయటపడుతుంది. ఫార్మల్డిహైడ్‌లో గట్టిపరిచిన మెదడు కోతలో ప్రొటీన్ మడత అలాగే ఉండి, అమినో ఆమ్లాలు ఒకదానికొకటి కట్టుకుపోయి ఉంటాయి. బతికున్న కణం మీద పొర బయటి భాగం తప్ప చేతికందదు. ఒకచోట బాగా పనిచేసినది ఇంకోచోట గుడ్డిదైపోవచ్చు. కండరం గ్రాహకాన్ని పట్టుకునే ఎంఏబీ 35 మడత చెదరని రూపాన్ని బాగా గుర్తుపడుతుంది. పోగు సాగిన ప్రొటీన్ ఇస్తే తడబడుతుంది. పదిహేను అమినో ఆమ్లాల తునక మీద పుట్టినవి చాలావరకు దీనికి సరిగ్గా ఎదురు గుణం.

చిట్టెలుక విషయంలో దారి తేలింది. మనిషి మెదడు దగ్గరికి వచ్చేసరికి ఆల్ఫా7 ఇంకో ముడి వేసింది. 15వ క్రోమోజోములో ఉన్న ఆ జన్యువులో ఐదో ఎక్సాను (జన్యువులో ప్రొటీన్ వరస రాసి ఉండే తునక) నుంచి పదో ఎక్సాను వరకూ ఉన్న భాగం మానవజాతి పరిణామంలో ఒకసారి రెట్టింపై, మరో జన్యు ముక్కతో అతికింది. క్రఫామ్7ఏ అని పిలిచే ఈ అతుకు జన్యువు మనుషుల్లోనే ఉంది, చిట్టెలుకల్లో లేదు. కొందరిలో ఒక కాపీ, కొందరిలో రెండు, కొందరిలో అసలు లేదు. దాని నుంచి వచ్చే ప్రొటీన్‌కు ఎసిటైల్‌కోలిన్ పట్టే ముందు భాగం చాలావరకు లేదు. లోపలి మెలిక మాత్రం అసలు ఆల్ఫా7లో ఉన్నదే. వేర్వేరు నికోటినిక్ ముక్కల మధ్య బాగా తేడా ఉండేది ఆ లోపలి మెలికలోనే గనక, యాంటీబాడీ తయారీదార్లు తునకను చాలాసార్లు అక్కణ్నుంచే తీసుకుంటారు.

కాబట్టి చిట్టెలుక పరీక్షలో నెగ్గిన యాంటీబాడీ కూడా, చనిపోయిన స్కిజోఫ్రీనియా రోగి మెదడు కోతలో పడ్డ మరకలో ఎంత నిండు గ్రాహకానిది, ఎంత అతుకు ప్రొటీన్‌ది అన్నది విడదీయలేదు. విడదీయాలంటే అతుకు ప్రొటీన్‌లో లేని ముందు భాగాన్నే పట్టుకునే యాంటీబాడీ కావాలి. ఆ భాగం కణం బయట ఉంటుంది, చక్కెరలు అంటుకుని ఉంటుంది, మడతలు పడి ఉంటుంది, మిగతా నికోటినిక్ ముక్కలతో పోలికలూ అక్కడే ఎక్కువ. తయారుచేయడం అన్నిటికన్నా కష్టమైన చోటు కూడా అదే.